ముడా? చిక్కా?



ఈ సభ ఎవరి పేరు మీద జరుగుతోందో ఆ మాస్టారికి నేను మొట్టమొదట చెప్పుకున్న మాట "నాకో సమస్య వచ్చిందండీ" అని. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. లెక్కల్లో తప్పాను. బడి మానేసి ఇంటిపట్టున కండెలు చుట్టుకోమని నాన్న అప్పటికే రెండుసార్లు అన్నాడు. తెలుగు పీరియడ్ అయ్యాక స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఆ ఒక్క మాటా అన్నాను. ఆయన కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతున్నారు. తల ఎత్తకుండానే "ముడా, చిక్కా?" అని అడిగారు.

నేను బిక్కమొహం వేశాను. "మీ ఇంట్లో మగ్గం ఉందిగా అమ్మాయ్. రెండిటికీ తేడా ఏమిటో మీ అమ్మనడిగి రా. ఆ తరవాత మాట్లాడుకుందాం" అన్నారు.

అమ్మ రాట్నం ఆపకుండానే చెప్పింది. "ముడి ఎవరో ఒకరు వేస్తేనే పడుద్ది. చిక్కు ఎవరూ వెయ్యకుండానే పడుద్ది."

ఆ తరవాత రెవెన్యూ శాఖలో 33 ఏళ్లు పనిచేశాను. నా బల్ల మీదికి వచ్చిన అర్జీల్లో ఒకే మాట కనపడేది. భూమి సమస్య, దారి సమస్య, పేరు తప్పు పడిన సమస్య. చదువుతున్నప్పుడల్లా మాస్టారి ప్రశ్న చెవిలో పడేది. ఈ ఏడు నన్ను మాట్లాడమన్నప్పుడు నాకు ఇంకో విషయం తోచలేదు. తెగనివాటికి, విడనివాటికి, కొరుకుడుపడనివాటికి తెలుగులో ఎన్ని పేర్లున్నాయో, ఒక్కో పేరూ మన చేతికి ఏం పని చెబుతుందో మాట్లాడతాను. మాస్టారు రాసిపెట్టిన కార్డులు, అమ్మ మాటలు, నేను చూసిన ఫైళ్లు, నాకున్న ఆధారాలు ఇవే.

చిక్కుతో మొదలుపెడతాను. చీరాల, పేరాల, జాండ్రపేట వాళ్లకు చిలప అంటే విడమరచి చెప్పక్కర్లేదు. బయటి నుంచి వచ్చినవారి కోసం చెబుతున్నాను. మిల్లు నుంచి నూలు చుట్టలు చుట్టలుగా వస్తుంది. ఆ చుట్టే చిలప. చిలప కట్టేటప్పుడు పోగు మొదలూ చివరా కలిపి ఒకచోట కట్టిపెడతారు. ఆ కట్టు దొరికితే కండె సాఫీగా తిరుగుతుంది. రంగులో ముంచి, పిండి, ఆరేసేసరికి పోగులు ఒకదానిలో ఒకటి దూరి ముద్దవుతాయి. చూడ్డానికి భయం వేస్తుంది గానీ ఆ ముద్దలో నిజానికి ఒక్క ముడి కూడా ఉండదు. తెగని ఒకే దారం అది. చుట్టినట్టే విడివడాలి. తొందరపడి ఒక కొస పట్టుకు లాగారో, లోపలెక్కడో ఒక మెలిక బిగుస్తుంది. ఇంకోసారి లాగితే ముడి అవుతుంది. అది లాగిన చేతి పని, దారం తప్పేమీ లేదు.

అమ్మ చిలపను రెండు చేతులకూ గాజుల్లా తొడుక్కుని, చేతులు ఎడం చేసి, విదిలించేది. లాగేది కాదు. విదిలించడం, కాస్త తిప్పడం, మళ్లీ విదిలించడం. పది నిమిషాలకు ముద్ద కాస్తా మళ్లీ చిలప అయ్యేది.

జుట్టు చిక్కు తీసేటప్పుడూ ఇదే పద్ధతి. పాయను మధ్యలో పట్టుకుని, చివర్లు ముందు దువ్వి, మెల్లగా పైకి రావాలి. మాడు దగ్గర దువ్వెన పెట్టి కిందికి ఈడిస్తే చిక్కంతా ఒకచోట చేరి గట్టిపడుతుంది, పిల్ల ఏడుస్తుంది. పని ఎక్కడ మొదలుపెట్టాలో చిక్కే చెబుతుంది. తేలికగా ఉన్నచోట, అంచున మొదలుపెట్టాలి. అందుకే మా ఇంట్లో చిక్కు తీసేవాళ్లం, ముడి విప్పేవాళ్లం. ఆ రెండు మాటలూ ఎప్పుడూ తారుమారు కాలేదు.

మా అమ్మ చెప్పింది విన్నాక మాస్టారు ఒక ఆదివారం మా ఇంటికి వచ్చారు. మగ్గం గుంట పక్కన చాప మీద కూర్చున్నారు. నా చదువు ఊసే ఎత్తలేదు. నూలు ధర అడిగారు. షావుకారు దగ్గర బాకీ ఎంత ఉందో అడిగారు. అన్నయ్య మద్రాసు వెళ్లిపోయాక కండెలు ఎవరు చుడుతున్నారో అడిగారు. నాన్న మొదట పొడిపొడిగా జవాబులు చెప్పాడు, తరవాత నాడె పక్కన పెట్టి మాట్లాడాడు. సాయంత్రానికి తేలిందేమిటంటే, నాన్నకు నా చదువు మీద విరోధం ఏమీ లేదు. పొద్దున పూట కండెలకు మనిషి లేరు. అంతే. బడికి వెళ్లే ముందు గంటన్నర, వచ్చాక ఒక గంట నేను కండెలు చుట్టేట్టు మాట అయింది. అప్పటిదాకా నేను దాన్ని నాన్న వేసిన ముడి అనుకుని ఆయన మీద కోపం పెంచుకున్నాను. అది ఎవరూ వేయని చిక్కు.

ఈ మాటలో ఇంకా చాలా ఉంది. దొంగ చిక్కాడంటే దొరికాడని. మనిషి చిక్కాడంటే బక్కపడ్డాడని. పాలు చిక్కబడ్డాయంటే నీరు తగ్గి దళసరి అయ్యాయని. నిఘంటువులు ఈ అర్థాలను వరసగా, విడివిడిగా చూపిస్తాయి. బతుకులో అవి ఒక్కచోటే ఉంటాయి. దావాలో చిక్కినవాడు చిక్కిపోవడం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. వాడరేవులో వేటకు వెళ్లేవాళ్లు చేప చిక్కిందంటారు, వల చిక్కుపడిందంటారు. ఒకటి పూట గడిచే మాట, రెండోది పూట పోయే మాట. కన్నడంలోనూ సిక్కు అంటే దొరకడమూ అవుతుంది, చిక్కు పడటమూ అవుతుంది. తమిళంలో సిక్కు, సిక్కల్ ఉన్నాయి. దక్షిణాది ఇళ్లన్నిటా దారం, జుట్టు, వల ఉన్నాయి గనుక ఈ మాటా ఉంది.

తమిళంలో దానికి ఇంకో అందమైన చోటు దొరికింది. చుక్కల చుట్టూ తీగలా తిరిగే ముగ్గును వాళ్లు సిక్కు కోలం అంటారు. మనకది మెలికల ముగ్గు. గీత ప్రతి చుక్కనూ చుట్టి, తన మీదుగా తానే దాటి, బయలుదేరినచోటికి వస్తుంది. వేసేవాళ్లకు ఎక్కడా గాభరా ఉండదు, చూసేవాళ్లకు కొస దొరకదు. ఇక్కడ చిక్కు కావాలని పెట్టినది, కానీ ప్రతి చుక్కకూ దాని చోటు దానికి మిగిల్చి పెట్టినది. ఈ చుక్కల మాట కొంచెం గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ముడికి కర్త ఉంటాడు. అందుకే కాబోలు దానికి ఇన్ని పేర్లు. జారుముడి ఒక్క లాగుకు ఊడిరావాలి, పాకకు నిప్పంటుకుంటే గొడ్డును క్షణంలో విడిపించాలి గనుక. కొంగుముడిలో చిల్లర డబ్బులుంటాయి, మరిచిపోకూడని మాట కూడా ఉంటుంది. పెళ్లిలో వధూవరుల చెంగులకు వేసేది బ్రహ్మముడి, మంగళసూత్రానికి మూడు ముళ్లు. నేతలో తెగిన పోగును కలిపే ముడి వీటన్నిటిలోకీ చిన్నది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. వేలి కొసన అర క్షణంలో పడాలి, పడుగు పోగులు దూరే సందుల్లోంచి తగలకుండా వెళ్లిపోవాలి, గుడ్డలో ఎక్కడుందో కట్టుకున్నవాళ్లకు తెలియకూడదు. నాన్న వేళ్లు చూడకుండానే వేసేవి.

ఇక పీటముడి. ఎటు లాగినా బిగిసేది. పొత్తుల చర్చల్లోనో నదీజలాల పంపకంలోనో పీటముడి పడిందని పత్రికలు రాస్తుంటాయి. ఆ మాట ఇంకా వాడుకలో ఉన్నందుకు నాకు సంతోషం. ఆ ఒక్క మాటలో చాలా సమాచారం ఉంది. కొసలు రెండున్నాయి, రెండూ ఎవరో ఒకరి చేతిలో ఉన్నాయి, ఇద్దరూ లాగుతున్నారు. ముందు లాగడం ఆగాలి. ఆ తరవాత ఆఖరున పడిన మెలిక ఏదో వెతికి, దాన్ని మొదట వదులు చేయాలి. ముడి విప్పడమంటే వేసిన క్రమాన్ని వెనక్కి నడవడం. పొలం దారి మూసేశారని అర్జీ వస్తే నేను పొలానికి వెళ్లేముందు పాత పంపకాల కాగితాలు తెప్పించుకునేదాన్ని. చివరి కాగితంతో మొదలుపెట్టి మొదటిదాకా చదువుతుంటే, ఏ ఏట, ఏ పత్రంలో, ఎవరి వాటాలోకి దారి జారిపోయిందో ఎక్కడో ఒకచోట కనపడేది.

విప్పనీయని ముడులూ ఉంటాయి. ఈ ఊరికి అది తెలుసు. 1919లో చీరాల, పేరాల కలిపి మున్సిపాలిటీ చేశారు. పన్నులు పెరిగాయి. కట్టబోమన్నవాళ్లను జైళ్లలో పెట్టారు. ముడి వేసింది ఎవరో, ఎందుకు వేశారో ఇక్కడి నేతగాళ్లకు స్పష్టంగా తెలుసు. విప్పమని అడిగారు, విప్పలేదు. 1921లో గాంధీగారు వచ్చి వెళ్లాక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట వేలమంది ఇళ్లు ఖాళీ చేసి ఊరి పొలిమేర దాటి పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకున్నారు. ఊరే లేకపోతే మున్సిపాలిటీ దేనికి? తాటికి వేసిన ముడి విడకపోతే, ఆ తాట్లోంచి మెడ తప్పించుకున్నారన్నమాట. మా నాయనమ్మ అప్పటికి పదేళ్ల పిల్ల. మగ్గం లేకుండా ఆ పాకలో వాళ్ల నాన్న ఏం చేయాలో తోచక చేతులు చూసుకుంటూ కూర్చునేవాడని చెప్పేది. దుగ్గిరాల జైలుకు వెళ్లారు. నెలల తరబడి ఎండకూ వానకూ ఓర్చినవాళ్లు చివరికి ఇళ్లకు తిరిగొచ్చారు. అయినా ఆ మనుషులకు అది ముడి అని తెలుసు, తమ తలరాత అని సరిపెట్టుకోలేదు. నేను గౌరవించేది దాన్ని.

ఇప్పుడు సమస్య దగ్గరికి వస్తాను.

ఈ మాటను మనం ఇవాళ వాడుతున్న అర్థం దాని పాత ఇంటిది కాదు. సంస్కృతంలో కలిపి కూర్చడం దాని మూలార్థం. కవుల సభలో సమస్య అంటే పద్యంలో ఒక పాదం. అవధానంలో పృచ్ఛకుడు ఒక పాదం ఇస్తాడు. వినగానే అసంగతంగా ఉంటుంది, ఒక్కోసారి చెవులు మూసుకోవాలనిపిస్తుంది. అవధాని మిగతా మూడు పాదాలూ చెబుతాడు. అవి వచ్చి చేరగానే, ఆ తప్పుడు మాట ఎవరి నోట, ఏ సందర్భంలో పుట్టిందో తెలిసి సభ తేలికపడుతుంది. మాటను ఇంకోచోట విరిచి అర్థం మార్చేవాళ్లున్నారు, కలలో చూసినట్టు చెప్పించేవాళ్లున్నారు. తిరుపతి వేంకటకవులు ఊరూరా తిరిగి ఈ విద్యను రాజుల కొలువుల నుంచి మామూలు జనం మధ్యకు తెచ్చారు. ఆకాశవాణి సమస్య ఇస్తే శ్రోతలు పూరణలు రాసి పంపేవారు, మాస్టారు కూడా కార్డు ముక్క మీద రాసి పంపి, ఆ పూట రేడియో పక్కనే కూర్చునేవారు.

గమనించండి, సమస్యను అక్కడ ఎవరూ తొలగించరు. ఇచ్చిన పాదంలో ఒక్క అక్షరం మార్చకూడదు. దానికి ముందు లేనిది ఏమిటో అది చేరుస్తారు. అందుకే పూరణ అన్నారు. ఆ పాదంలో తప్పేమీ లేదు, అది ఒంటరిగా ఉంది, అంతే.

పరిష్కారం అనే మాట మరో ఇంటి నుంచి వచ్చింది. శుభ్రపరచడం, అలంకరించడం దాని అర్థం. వేటూరి ప్రభాకరశాస్త్రి గారివంటి పెద్దలను గ్రంథ పరిష్కర్తలంటాం. తాటాకు ప్రతులు నాలుగు ముందు పెట్టుకుంటారు. ఒకదానిలో పురుగు తిన్న అక్షరం ఇంకోదానిలో ఉంటుంది. ఒక లేఖకుడు పొరబడినచోట మరొకడు సరిగా రాసి ఉంటాడు. నాలుగూ పోల్చి ఒక పాఠం నిలబెడతారు. తీసుకోని పాఠాలను పారేయకుండా పేజీ అడుగున పాఠాంతరాలని అచ్చువేస్తారు. రేపు ఎవరికైనా అదే సరైనదని తోచవచ్చు గనుక. నాకు తెలిసినంతలో ఇంత నిజాయితీ ఉన్న పని తక్కువ. దస్త్రాల గదిలో కూర్చుని ఒకే సర్వే నంబరుకు అడంగల్ ఒక పేరు, పాసుపుస్తకం ఒక పేరు, అమ్మకం దస్తావేజు ఇంకో పేరు చెబుతుంటే, నేను ప్రభాకరశాస్త్రి గారిని తలచుకునేదాన్ని. నేను రాసిన ఉత్తర్వుల్లో ఒప్పుకోని వాదనను కూడా పూర్తిగా రాసేదాన్ని.

ఇక చుక్కలు. నెల్లూరు, ప్రకాశం వైపు రైతులకు చుక్కల భూములంటే గుండె గుభేలుమనేది. బ్రిటిషు వాళ్ల కాలంలో రీసెటిల్‌మెంట్ రిజిస్టరు రాసినప్పుడు, పట్టాదారు ఎవరో తేలనిచోట పేరు ఉండాల్సిన గడిలో గుమాస్తాలు వరసగా చుక్కలు పెట్టి వదిలేశారు. తరాల తరబడి ఆ భూమిని దున్నినవాళ్లు దున్నుతూనే ఉన్నారు, కొన్నవాళ్లు కొంటూనే ఉన్నారు. చాలా ఏళ్ల తరవాత ఆ చుక్కల్ని చూసి, ఇది ప్రభుత్వ భూమి కావచ్చునని, రిజిస్ట్రేషన్లు చేయకూడని 22-ఎ జాబితాలోకి ఎక్కించారు. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముకోబోయినవాడు రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల మీద కూలబడ్డాడు. 2017లో చుక్కల భూముల కోసమే ఒక చట్టం చేయాల్సి వచ్చింది.

ఒక ముసలాయన నా బల్ల ముందు నిలబడి ఆ రిజిస్టరు నకలు మీద వేలు పెట్టి, చుక్కల్ని ఒక్కొక్కటే తాకుతూ "ఇక్కడ మా తాత పేరుండాలమ్మా" అన్నాడు. ఆ రోజు నాకు మాస్టారి ప్రశ్నకు మూడో జవాబు దొరికింది. ఇది ముడి కాదు, ఎవరూ కుట్రతో వేయలేదు. చిక్కూ కాదు, విదిలిస్తే విడేది ఇక్కడేమీ లేదు. ఇది అచ్చంగా సమస్య, కవుల అర్థంలో. ఒక పాదం ఉంది, మూడు లేవు. శిస్తు రసీదులు, పాత అడంగళ్లు, పక్క పొలం దస్తావేజుల్లోని హద్దులు, ఊళ్లో పెద్దవాళ్ల వాంగ్మూలాలు, ఇవి తెచ్చి పూరించాలి. తూర్పు పొలం వాళ్ల పత్రంలో పడమర హద్దు ఫలానావాడి భూమి అని ఉంటే, ఆ ఫలానావాడే మన ముసలాయన తాత. ఆ ఫైలుకు అలాగే పూరణ దొరికింది. చుక్కలున్న గడిలో పేరు ఎక్కిన రోజు ఆయన నన్ను ఏమీ అనలేదు, కాగితం మడిచి తలపాగాలో పెట్టుకున్నాడు.

కవుల సభల నుంచి కచేరీలకు వస్తే మాటల రంగు మారుతుంది. పేచీ మనకు ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. పేచ్ అంటే మెలిక. మడతపేచీ అంటే మడత మీద మెలిక. అంటే మన మెలికే దూరదేశం నుంచి మళ్లీ మనింటికి వచ్చింది. తకరారు, వాయిదా, మతలబు, అన్నీ ఆ దారినే వచ్చాయి. హైదరాబాదులో నాతో కొన్నాళ్లు పనిచేసిన ఆమె చిన్న తగువును కిరికిరి అనేది, తెగితే ఫైసలా అయిందనేది. చెప్పులో పడ్డ ఇసుక రేణువులా ఉంటుంది కిరికిరి అన్న మాట. నడక ఆపదు, నడవనీయదు.

నోటికి సంబంధించిన మాటలు వేరే ఉన్నాయి. కొరకరాని కొయ్య, ఇనుప గుగ్గిళ్లు, కొరుకుడుపడకపోవడం, మింగుడుపడకపోవడం. ఇవి ఎక్కువగా చదువుకు, మనుషులకు వాడతాం. నారికేళపాకం అన్నప్పుడు మాత్రం లోపల కొబ్బరి ఉందని హామీ ఉంది. అడకత్తెరలో పోకచెక్క, ముందు నుయ్యి వెనక గొయ్యి, ఇవి చెప్పేది మనిషి ఇరుకును. చేతికి పని చెప్పవు. బేతాళ ప్రశ్నను కూడా వీటిలోనే చేర్చాలి. చందమామ చదివి పెరిగినవాళ్లందరికీ తెలుసు, జవాబు చెప్పకపోతే తల పగులుతుంది, చెబితే శవం మళ్లీ చెట్టెక్కుతుంది.

నాకు ఎక్కువ ముచ్చట ముగింపు మాటల మీద. ఎంత కష్టమో చెప్పే పేర్ల కంటే, అది ఎలా ముగుస్తుందో చెప్పే క్రియలు మన భాషలో ఇంకా గొప్పవి. అప్పు తీరుతుంది. తగవు తీరుస్తారు గనుక అది తీర్పు. దావా తెగుతుంది. పని తెములుతుంది. సంబంధం కుదురుతుంది. జుట్టును సవరించుకుంటాం, రాజ్యాంగాన్నీ సవరిస్తాం. నిజం తేలుతుంది. తేలడంలో మనం చేసేది తక్కువ. అడుగున ఉన్నది పైకి వచ్చేదాకా నీళ్లు కదపకుండా ఉండటమే మన పని. కొన్ని ఫైళ్లను నేను అలా ఊరుకుని తేలనిచ్చాను. అది అలసత్వం అని కొందరన్నారు, నేను ఒప్పుకోను.

వ్యవహారం కొలిక్కి వచ్చింది అంటాం చూడండి, అందులో కొలికి ఏమిటని ఒకసారి మాస్టారిని అడిగాను. కంటి కొలికి నీకు తెలుసుగా, రెండు రెప్పలూ కలిసేచోటు అన్నారు. హారానికి కొలికిపూస ఉంటుంది, రెండు కొసలూ వచ్చి కలిసేచోట. అంటే ముత్యాలన్నీ గుచ్చాక, దారం రెండు చివర్లూ ఎదురెదురుగా వచ్చాయన్నమాట. ఇంకా కట్టలేదు. కట్టే వీలు వచ్చింది. తెగిందనడానికీ, తీరిందనడానికీ, కొలిక్కి వచ్చిందనడానికీ ఎంత తేడా! సంధి మాట్లాడేవాళ్లకు ఈ తేడా ప్రాణప్రదం.

ఇవన్నీ పోయి ఒకే గడి మిగలడం నాకు బాధ. అర్జీ ఫారంలో గడి ఒకటే, సమస్య. మాట్లాడితే ప్రాబ్లం, ఇష్యూ. పరాయి మాటలని నాకు కోపం లేదు, పేచీ కూడా పరాయిదే, కానీ అది వస్తూ తన మెలికను వెంట తెచ్చుకుంది. ప్రాబ్లం అన్న మాట మన చేతికి ఏ పనీ చెప్పదు. పని చెప్పని మాట ముందు మనిషి తనకు అలవాటైన పనే చేస్తాడు. అధికారం ఉన్నవాడికి అలవాటైన పని లాగడం.

ఇది నేను ఎవరి గురించో అనడం లేదు. ఉద్యోగంలో చేరిన మూడో ఏట, ఒకే ఇంటి తోడికోడళ్లు ఇద్దరి పేర్ల మీద ఉన్న భూమిలో పెద్దామె పేరు అడంగల్లో తప్పు పడింది. అంతే, ఒక అక్షరం. దిద్దమని అర్జీ పెట్టింది. నేను పద్ధతి ప్రకారం రెండో ఆమెకు నోటీసు పంపాను. అచ్చు ఫారంలో ఆమె పేరుకు ఎదురుగా ప్రతివాది అని ఉంది. ఆమె చదువుకున్న మనిషి కాదు, ఎవరితోనో చదివించుకుంది. "అక్క నా మీద కేసు పెట్టిందా?" అని అడిగిందట. ఒక పూట ఆ ఇంటికి వెళ్లి, ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఇది అక్షర దోషం అని చెబితే సరిపోయేది. నేను వెళ్లలేదు. రెండు పొయ్యిలయ్యాయి, తరవాత రెండు వకాలతులయ్యాయి. ఆ దావా 11 ఏళ్లు నడిచింది. చిక్కు అది. కొస పట్టుకు లాగింది నేను. తెగిన రోజు పెద్దామె లేదు.

ఆ సంగతి మాస్టారితో చెప్పుకున్నాను. ఆయన ఓదార్చలేదు. కార్డులు దాచుకునే చెప్పుల పెట్టె తెచ్చి ముందు పెట్టి, ఒక కార్డు తీసి, ప్రతివాది అని రాసి, దాని కింద "ఈ మాట చిక్కును ముడి చేస్తుంది" అని రాసి మళ్లీ పెట్టెలో పెట్టారు.

ఆ పెట్టె గురించి చెప్పి ముగిస్తాను. భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకులుగా మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ పదాల సంపుటం 1962లో, చేనేత పదాల సంపుటం 1971లో వచ్చాయి. ఆ రెండో సంపుటం మాస్టారికి ఎంత ఆనందం ఇచ్చిందో, అంత పని కూడా ఇచ్చింది. మన పేటల్లో అనేది వేరుగా ఉంటే, ఆ మాట పోస్టుకార్డు సగానికి చింపి దాని మీద రాసుకునేవారు. ఎవరు అన్నారో, ఏ పని చేస్తూ అన్నారో కూడా రాసేవారు. మగ్గాల దగ్గర, వాడరేవులో పడవల దగ్గర, ముగ్గు పిండి అమ్మేవాళ్ల దగ్గర. పోయిన ఏడాది వాళ్ల కోడలుగారు ఆ పెట్టె నా చేతికిచ్చారు. కార్డులు యాభై యాభై కట్టలుగా నూలు దారంతో కట్టి ఉన్నాయి. అన్నీ జారుముళ్లే. ఎవరో ఒకరు విప్పుతారని ఆయనకు తెలుసు.

చివరి కట్టలో ఒక కార్డు ఉంది. అందులో అర్థం రాసి ఉంది, మాట లేదు. "గంజి పెట్టిన పడుగులో రెండు పోగులు తెగకుండా, ముడి పడకుండా, ఆరినప్పుడు ఒకదానికొకటి అంటుకుపోవడం. గోటితో మధ్యకు చీల్చి విడదీస్తారు." దీన్ని ఏమంటారో రాయాల్సినచోట మాస్టారు వరసగా ఆరు చుక్కలు పెట్టారు.

అమ్మ ఉంటే చెప్పేది. నాన్న వేళ్లకు ఆ పని తెలుసు, మాట నేను వినలేదు. ఈ హాల్లో వెనక వరసల్లో మగ్గం మీద కూర్చున్నవాళ్లు, పడుగులు పట్టినవాళ్లు పాతికమంది దాకా కనపడుతున్నారు. ఆ కార్డు నా చేతిసంచిలో ఉంది, పెన్నూ ఉంది. సభ అయ్యాక గుమ్మం దగ్గర ఉంటాను. మీ ఇంట్లో ఆ మాట ఏమనేవారో చెప్పి వెళ్లండి.